కొండవాలులో నడిమి భాగం

బోన్, బర్గండీ, ఫ్రాన్స్
25 సెప్టెంబరు 1994

అన్నా,

క్షేమంగా చేరాను. దిగగానే రాస్తానన్న ఉత్తరం పది రోజులు ఆలస్యమైంది. వచ్చిన మూడో రోజే ఇక్కడ ద్రాక్ష కోతలు మొదలయ్యాయి. నా చేతికీ ఒక బుట్ట, కత్తెర ఇచ్చి వరసలోకి పంపేశారు. వాన ఆగడం లేదు. నడుము పట్టేసింది.

నువ్వు చూస్తే నవ్వుతావు. మన తోటలో పందిరి కింద నిలబడి తల పైకెత్తి గుత్తి కోస్తాం. ఇక్కడ తీగ నా నడుము దాకా కూడా రాదు. మిరపచేలో ఏరినట్టు వంగి కోయాలి. గుత్తి నా పిడికిలంత. పండు నల్లగా, మన నేరేడులో సగం ఉంటుంది. మన అనాబేషాహీ గుత్తి ఒకటి తెచ్చి పక్కన పెడితే వీళ్లు నమ్మరు.

నాకు నేర్పే పెద్దాయన పేరు పెర్రో. అరవై దాటాయి. ఇంగ్లీషు అంతంతమాత్రం, నా ఫ్రెంచి అంతకన్నా తక్కువ. అందుకని చేత్తో చూపిస్తూ చెబుతాడు. మొదటి పాఠం చిన్నదే. ఎర్ర రసానికి ఇక్కడ ఒకే రకం ద్రాక్ష, పీనో న్వార్. తెల్ల రసానికి షార్డొనే. ఒక రకంతో ఇంకొకటి కలపరు. రకం ఒకటే అయినప్పుడు రుచి ఎందుకు మారుతుందని అడిగితే, కిందికి వంగి మట్టి తీసి నా అరచేతిలో పెట్టాడు. సున్నపురాయి కలిసిన మట్టి, చేతికి తెల్లగా అంటుకుంది.

ఊరి పక్కన తూర్పు ముఖంగా ఒక పొడవాటి కొండవాలు ఉంది. ఉప్పల్ నుంచి ఆలేరు దాకా ఉంటుందేమో. వెడల్పు మాత్రం హబ్సిగూడ నుంచి తార్నాక అంత. ఈ ప్రాంతానికున్న పేరంతా ఆ సన్నటి పట్టీ వల్లే. కింద నీళ్లు నిలుస్తాయి, పైన చలి గాలి, మట్టి పలచన. అందుకని నడిమి భాగమే ప్రశస్తం అంటారు.

కంపెనీ పంపిన పండ్ల రసాల చదువు ఇలా సాగుతోంది. బోరు ఎలా ఉంది? అక్టోబరు కత్తిరింపు మొదలుపెట్టావా? వదిన మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి.

నీ చెల్లెలు
సూర్య


పీర్జాదిగూడ
8 అక్టోబరు 1994

చెల్లె సూర్యకళకు అన్న బసవరాజు దీవెనలు.

నీ ఉత్తరం మొన్న అందినది. మీ వదినకు రెండుసార్లు చదివి వినిపించినాను. "గంత సలిల, వానల వంగి కోస్తున్నదా పిల్ల? స్వెట్టరు ఏసుకుంటున్నదో లేదో అడుగుండ్రి" అన్నది. మోకాలు అట్లనే ఉన్నది. మందు రాసుకోమంటే మరిచిపోతున్నది.

ఫ్రాన్స్ అంటే నాకు తెలిసినది ఒక్కటే, బోర్డో మిశ్రమం. మైలుతుత్తం, సున్నం కలిపి పదిహేడేళ్లుగా తీగలకు కొడుతున్నాను. ఆ బోర్డో అనే ఊరు నీకు దగ్గరేనా? దగ్గరైతే ఒకసారి పోయి, బూజు తెగులుకు వాళ్లు ఇప్పుడేం కొడుతున్నారో కనుక్కో. మన దగ్గర మందు పనిచేస్తున్నట్టు లేదు.

కత్తిరింపు మొదలుపెట్టినాను. రోడ్డు వైపు సగం అయినది. వెనక వైపు ముసలి తీగలకు నేనే కత్తెర పడుతున్నాను, కూలివాళ్లకు ఇవ్వలేదు. నాయిన పోయిన మరుసటి ఏడు మనిద్దరం గుంతలు తవ్వి పెట్టిన తీగలు అవి. బోరు రెండు గంటలు పోస్తే తరువాత గాలి వస్తున్నది.

ప్లాట్ల భూషణం మళ్లీ వచ్చినాడు. "అన్నా, ఉప్పల్ గిట్ల పెరిగిపోతున్నది. ఇంకెన్నేండ్లు ఈ పందిర్ల కింద ఉంటవు? నీళ్లెన్నొద్దులుంటయి?" అన్నాడు. మా చెల్లె ఈ పంట చదువుకే దేశం పోయింది, ఆమె వచ్చినంక మాట్లాడమని పంపించినాను. నువ్వు పెద్ద చదువు చదివి ఇక్కడికే పనికొస్తావని ఊళ్లో అందరికీ చెప్పుకుంటున్నాను.

ఒక సంగతి. మీ కంపెనీ బుచ్చిబాబు ఉప్పల్ బస్టాండులో కలిసినాడు. "సూర్యకళ మేడం వైన్ చేయడం నేర్చుకుంటున్నారండీ. ఆవిడ రాగానే నాచారంలో ప్లాంటు పెడతారు" అన్నాడు. అది కాదు, పండ్ల రసం అని చెప్పినాను. ఆయన నవ్వినాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. సంగతేమిటో ఒక్క మాట రాయి.

నీ మంచి కోరే
బసవరాజు


బోన్
21 అక్టోబరు 1994

అన్నా,

బుచ్చిబాబు చెప్పింది నిజం. నేను నేర్చుకుంటున్నది వైన్ చేయడమే. మా ఎండీ ఉమామహేశ్వర్ గారు మే నెలలో ఈ మాట చెప్పినప్పుడే నీకు చెప్పాల్సింది. నాయిన సంగతి గుర్తొచ్చి నోరు పెగల్లేదు. పండ్ల రసం అని ఒకసారి అన్నాక దాన్ని వెనక్కి తీసుకోవడం కష్టమైంది. నీకు అబద్ధం చెప్పడం ఇదే మొదలు. తప్పు నాది.

అయితే నేను నేర్చుకుంటున్నది నాయిన తాగిన సారా లాంటిది కాదని మాత్రం నమ్ము. వీళ్లు పొద్దున పది గంటలకు రుచి చూస్తారు, నోట్లో తిప్పి కింద పెట్టిన బకెట్లో ఉమ్మేస్తారు. నేనూ ఉమ్ముతాను. ఇప్పటిదాకా ఒక్క చుక్క మింగలేదు.

బోర్డో ఇక్కడికి చాలా దూరం, పడమటి సముద్రం వైపు. అక్కడ నాలుగైదు రకాల ద్రాక్ష కలుపుతారట. వాళ్ల సీసాకు భుజాలుంటాయి, ఇక్కడి సీసా భుజాలు జారిపోయి ఉంటుంది. సీసా చూసి ఏ సీమదో చెప్పడం నాకు వచ్చేసింది. తెగులు మందు గురించి పెర్రో గారిని అడిగాను. ఇక్కడా అదే మైలుతుత్తమట.

ఇక్కడ పొలాలకు నాలుగు తరగతులు. అడుగున మైదానంలో పండినదాని మీద సీమ పేరు మాత్రమే వేసుకోవాలి. కాస్త పైకొస్తే ఊరి పేరు. ఇంకాస్త పైన మొదటి తరగతి పొలం, దానికి సొంత పేరుంటుంది. నడిమి వాలులో అన్నిటికన్నా గొప్ప పొలాలు, పిడికెడే. నిన్న అలాంటి ఒక పొలం చూపించారు. చుట్టూ రాతి గోడ. వందల ఏళ్ల కిందట సన్యాసులు కట్టారట. లోపల నూట పాతిక ఎకరాలు, దానికి ఎనభై మంది హక్కుదారులు. తండ్రి పోతే పిల్లలందరికీ సమానంగా పంచాలని ఇక్కడి చట్టం, ఆడపిల్ల అయినా మగపిల్లవాడైనా. పంచగా పంచగా కొందరికి రెండు వరసలే మిగిలాయి. అయినా గోడ ఎవరూ పడగొట్టలేదు. నాకు చాలా ఆశ్చర్యం వేసింది.

మన తోట గురించి కూడా ఆలోచిస్తున్నాను. ఇప్పుడున్నట్టు ఒక్కరి చేతిలోనే ఉంచుకుంటే మనకు మంచిది కాదు. వచ్చాక కూర్చుని తేల్చుకుందాం. అప్పటిదాకా భూషణానికి ఏ మాటా ఇవ్వకు.

కోపం వస్తే తిట్టు. ఉత్తరం మాత్రం మానకు.

సూర్య


పీర్జాదిగూడ
5 నవంబరు 1994

సూర్యకళకు,

ఉత్తరం చేరినది. మూడు రోజులు జవాబు రాయలేదు. దీపావళి పోనిచ్చి రాస్తున్నాను.

అబద్ధం చెప్పినావన్న బాధ ఒకటి. దానికన్నా తరువాత రాసిన మాటలే ఎక్కువ నొప్పించినవి. ఎనభై మంది హక్కుదారుల కథ ఎందుకు రాసినావో తెలియనంత మొద్దును కాను. ఆడపిల్లకు సమాన భాగమని మన దగ్గర కూడా చట్టం వచ్చి తొమ్మిదేండ్లయినది. పెండ్లి కాని పిల్లకు వర్తిస్తదని నేను పేపర్లో అప్పుడే చదివినాను. నువ్వు అడుగుతావని అనుకోలేదు. అడగకముందే ఇవ్వకపోవడం నా తప్పు అనుకుంటాను. ఒక్కరి చేతిలో ఉండవద్దంటే ఆ ఒక్కరు నేనే కదా.

ఇన్నేండ్లు ఆ మూడెకరాలు నాదని గానీ నీదని గానీ నేను ఎన్నడూ అనుకోలేదు. తోట అనుకున్నాను.

మీ వదిన మాత్రం, "సూర్య గట్ల అడిగే పిల్ల గాదు. నువ్వు ఇంకోసారి సదువు" అన్నది. మళ్లీ చదివినాను. నాకు అట్లనే కనబడింది.

దీపావళికి ముందు నాలుగు దినాలు ముసురు పట్టినది. లేత గుత్తులకు బూజు పట్టినది. మూడుసార్లు మందు కొట్టినాను. రోడ్డు వైపు సగం గుత్తులు నల్లబడి రాలిపోయినవి.

సర్వేయరుకు చెప్పినాను. వచ్చే వారం కొలుస్తాడు.

బసవరాజు


బోన్
6 నవంబరు 1994

అన్నా,

నీ జవాబు ఇంకా అందలేదు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

మొన్న పెర్రో గారికి మన తోట ఫొటో చూపించాను. నువ్వు పందిరి కింద నిలబడి, పెద్ద గుత్తిని చంటిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్న ఫొటో. చాలాసేపు చూశాడు. గుత్తి బరువెంత, గింజ ఎంత, తొక్క ఎంత మందం అని అడిగాడు. చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. ఇది తినే పండు, దీన్ని పిండితే నీళ్లే వస్తాయి, వైన్ రాదు అన్నాడు. తొక్కలోనే రంగూ రుచీ ఉంటాయట. పండు ఎంత పెద్దదైతే తొక్క పాలు అంత తగ్గుతుంది. లెక్క సరిగ్గానే ఉంది.

కాబట్టి మన అనాబేషాహీ కంపెనీకి పనికిరాదు. ఆ తీగలు తీసేసి వేరే రకం పెడితే తప్ప లాభం లేదు. కాస్త కష్టమే, కానీ ఒక్క మార్కెట్ దళారి చేతిలో పడి ఏటా వాడు చెప్పిన ధరకు ఇచ్చుకునే బాధ తప్పుతుంది. ఎండీగారితో మాట్లాడతాను. నువ్వు కంగారుపడకు, అన్నీ వచ్చాక చూద్దాం.

చలి పెరిగింది. కొండవాలు మీద ఆకులన్నీ పసుపు రంగుకు తిరిగాయి. ఆ రంగు వల్లే దీనికి బంగారు వాలు అని పేరు వచ్చిందని కొందరంటారు. తూర్పు ముఖంగా ఉంది కాబట్టి, తూర్పు అనే ఫ్రెంచి మాట కురచై అలా అయిందని ఇంకొందరు. పెర్రో గారిని అడిగితే భుజాలు ఎగరేసి, నేను పుట్టకముందే ఆ పేరుంది అన్నాడు.

వదినకు నా మాటగా చెప్పు, స్వెట్టరు వేసుకుంటున్నాను. రెండు.

సూర్య


బోన్
19 నవంబరు 1994

అన్నా,

అయిదో తారీఖు ఉత్తరం నిన్న అందింది. చదివి అక్కడే మెట్ల మీద కూర్చున్నాను.

నేను భాగం అడగలేదు. ఎన్నడూ అడగను. ఒక్కరి చేతిలో అన్నది నిన్ను కాదు, మన పంటంతా కొనే ఆ ఒక్క దళారిని. ఎనభై మంది కథ రాసింది, ఇంత మంది చేతుల్లో పడి కూడా పొలం పొలంగానే ఉందే అన్న ఆశ్చర్యంతో. అన్నాచెల్లెళ్ల మధ్య ఆ కథ ఎలా వినబడుతుందో ఆలోచించలేదు. పరాయి ఊళ్లో కొత్త సంగతి కనబడగానే రాసేశాను.

ఆరో తారీఖున ఇంకో ఉత్తరం వేశాను. అందులో తీగలు తీసేయాలని ఉంటుంది. దాన్ని కూడా పట్టించుకోకు. చింపేయి.

నిన్న సాయంత్రం పక్కింటి చిదంబరం గారి ఫోన్‌కు చేశాను. వదినను పిలిచారు. "ఆయన తోటకాడున్నడు సూర్యా. పిల్వనంపిన. రానన్నడు" అన్నది. ఇంకేదో చెప్పబోయింది, లైన్ కట్ అయింది. ఇవాళ మళ్లీ చేశాను. వదినే వచ్చింది. ఈసారి ఏడ్చింది, నా మాట ఆమెకు అందేలోపే లైన్ మళ్లీ పోయింది.

ఈ ఊళ్లో ఒక పాత దవాఖానా ఉంది. అయిదు వందల ఏళ్ల నాటిది. బీదవాళ్లకు వైద్యం చేయడానికి పెద్దలు తమ ద్రాక్షతోటలు దానికి రాసిచ్చారట. ఆ తోటల వైన్ ఏటా నవంబరులో వేలం వేసి దవాఖానా నడుపుతారు. రేపే వేలం. ఊరంతా జనం. లోపల ఒక పొడవాటి గది, అటూ ఇటూ మంచాలు, ఎర్ర దుప్పట్లు. అది చూస్తుంటే నాయిన కడసారి పడుకున్న సర్కారు దవాఖానా వార్డు గుర్తొచ్చింది. ఇక్కడ వైన్ అమ్మి దవాఖానా కట్టారు, మన ఇంట్లో తాగి దవాఖానాకు పోయారు అనుకున్నాను.

నేను ఈ పని ఎందుకు ఒప్పుకున్నానో నీకు చెప్పలేదు. నాకు పదిహేనేళ్లప్పుడు మనింటిని మింగినదేదో దాన్ని ల్యాబులో పెట్టి చూడాలనిపించింది. ఎంత వేడికి పులుస్తుంది, ఎక్కడ ఆగుతుంది, మనిషి దాన్ని ఎక్కడ ఆపగలడు అని. అంతకుమించి నాకు ఏ ఆశా లేదు.

సర్వేయరును పంపించేయి. నా సంతకం లేకుండా ఏదీ చేయకు అన్నా. నా కోసం కాదు, తోట కోసం.

నీ చెల్లెలు
సూర్య


పీర్జాదిగూడ
20 నవంబరు 1994

సూర్యకళకు,

ఆరో తారీఖు ఉత్తరం అందినది.

పదిహేడేండ్లు పెంచిన తీగలు పనికిరావని రాసినావు. అక్కడి పెద్దమనిషి ఫొటో చూసి చెప్పినాడు, నువ్వు ఒప్పుకున్నావు. బాగున్నది. నేను ఇంక వాదించను.

సర్వేయరు బుధవారం కొలిచినాడు. చిదంబరం గారు, మరి ఇద్దరు పెద్దమనుషులు ఉన్నారు. ఎకరంనర, ఎకరంనర. వెనక వైపు నీది. ముసలి తీగలు అక్కడే ఉన్నవి, ఈసారి బూజు కూడా అటు తక్కువ. మంచి భాగం నీకే పోవాలని అట్ల రాయించినాను. రోడ్డు వైపు నాది.

నా భాగం భూషణానికి మాట ఇచ్చినాను. శుక్రవారం రిజిస్ట్రేషన్. నీ భాగం మీద నాకు ఏ అధికారమూ లేదు. తీగలు పీకినా, ఉంచినా నీ ఇష్టం.

బసవరాజు


పీర్జాదిగూడ
14 డిసెంబరు 1994

సూర్యా,

నీ పంతొమ్మిదో తారీఖు ఉత్తరం ఈ నెల రెండున అందినది. చదివి, మళ్లీ చదివి, మీ వదినకు వినిపించినాను. ఆమె కాగితం తీసుకుని మడిచి, "నేను అప్పుడే జెప్పిన" అన్నది. రెండు దినాలు నాతో మాట్లాడలేదు.

రిజిస్ట్రేషన్ అంతకు ముందు శుక్రవారమే అయిపోయినది. భూషణాన్ని అడిగినాను, వెనక్కి ఇస్తావా అని. "అన్నా, అప్పుడే సగం ప్లాట్లకు బయానా తీసుకున్న. నేనేం జేస్త జెప్పు" అన్నాడు. ఆయన తప్పు లేదు. పిలిచినది నేను.

ఇంకో తప్పు కూడా చేసినాను. బోరు రోడ్డు వైపున్నది. అమ్మేటప్పుడు ఆ సంగతి నాకు తోచనేలేదు. నీకు మంచి తీగలు ఇచ్చినాను, నీళ్లు మాత్రం అమ్మేసినాను. ఈ పంట కోసేదాకా నీళ్లు వాడుకోమని భూషణం ఒప్పుకున్నాడు. ఆ తరువాత లేదు.

మొన్న కొత్త ప్రభుత్వం వచ్చినది. మద్యం మొత్తం బంద్ చేస్తామని మొదటి సంతకం అయినదట. ఉప్పల్ చౌరస్తాలో ఆడవాళ్లు పటాకులు కాల్చినారు. మీ వదిన ఇరుగుపొరుగుకు చక్కెర పంచినది. నేను కూడా సంతోషపడవలసినవాడినే. మీ కంపెనీ పని ఏమవుతుందో, నిన్ను మధ్యలో పిలిపిస్తారేమో అన్న ఆలోచనే వచ్చినది.

సారా సంగతి ఎత్తినావు కాబట్టి ఒకటి చెబుతాను. నువ్వు అప్పుడు హాస్టల్లో ఉన్నావు. నాయినకు కామెర్లు ముదిరినవని నీకు చెప్పినాము, అది నిజమే. కాని వార్డులో చేర్చిన రెండో నాడు చేతులు వణికి, మంచం పట్టీ పట్టుకుని నన్ను బతిమాలినాడు. "బసవా, ఒక్క గుక్క పొయ్యరా. నా పానం కుదుటపడ్తది. మల్ల ఎన్నడు అడ్గ" అన్నాడు. నేను చిల్కానగర్ పోయి తెచ్చినాను. దుప్పటి చాటున నేనే నోట్లో పోసినాను. తాగి, నా తలమీద చెయ్యి పెట్టినాడు. మరునాడు పొద్దున పోయినాడు.

ఇది అమ్మ బతికున్నన్నాళ్లు ఆమెకు చెప్పలేదు. మీ వదినకు చెప్పలేదు. పద్దెనిమిదేండ్లు. వైన్ అన్న మాట నీ ఉత్తరంలో చూసినప్పుడు నాకు ముందుగా కనబడినది ఆ గ్లాసే. ఆ తరువాతి అక్షరాలు సరిగ్గా చదివినానో లేదో నాకే తెలియదు.

నువ్వు క్షమించినా క్షమించకపోయినా జర పైలంగా ఉండు. చలి ఎక్కువని పేపర్లో రాస్తున్నారు.

అన్న
బసవరాజు


నాచారం
12 ఫిబ్రవరి 1995

అన్నా,

నాచారం నుంచి పీర్జాదిగూడకు అరగంట బస్సు. అయినా ఉత్తరమే రాస్తున్నాను. ఎదురుగా కూర్చుంటే మనిద్దరికీ మాట రావడం లేదు.

విమానాశ్రయానికి వచ్చావు, పెట్టె అందుకున్నావు, అక్కడ చలి బాగా ఉందా అని అడిగావు. ఇంటికొచ్చాక వదిన అన్నం వడ్డించింది. ముగ్గురం వంకాయ కూర గురించి మాట్లాడుకున్నాం. తరువాత నేనొక్కదాన్నే తోటకు వెళ్లాను. రోడ్డు వైపు పందిరి లేదు. పందిరిని మోసిన రాతి కడీలు పీకి ఒక పక్కన పేర్చారు. తీగల మొదళ్లు తగలబెట్టిన మసి ఇంకా ఉంది. తెల్ల సున్నం కొట్టిన హద్దురాళ్ల మీద నంబర్లు వేశారు. ముప్పై రెండు దాకా ఉన్నాయి. వెనక వైపు మాత్రం గుత్తులు దిగి ఉన్నాయి, కాగితాలు చుట్టి ఉన్నాయి. ఆ కాగితాలు చుట్టింది ఎవరో వదిన చెప్పింది. నీది కాని పొలానికి నువ్వు రోజూ పొద్దున వెళుతున్నావని.

కంపెనీ సంగతి నీకు తెలుసు. ప్లాంటు ఆలోచన మానేశారు. ఉమామహేశ్వర్ గారు నా చేయి పట్టుకుని, "చట్టం మనకు ఎదురు తిరిగిందమ్మా, నీ తప్పేం లేదు" అన్నారు. మళ్లీ మామిడి రసం సీసాల దగ్గరే కూర్చోబెట్టారు. నాకు బాధగా లేదు. పెర్రో గారి దగ్గర నేర్చుకున్నదంతా ఒక నోటుపుస్తకంలో ఉంది. ఎప్పుడైనా పనికొస్తే వస్తుంది.

ఇప్పుడు నాయిన సంగతి. డిసెంబరు ఉత్తరం చదివాక నేను ఇద్దరు డాక్టర్లను అడిగాను, ఒకరు అక్కడ, ఒకరు ఇక్కడ. ఎవరి గురించో చెప్పలేదు. కామెర్లు ముదిరి, కడుపు ఉబ్బి, స్పృహ తప్పుతూ ఉన్న మనిషి ఒక గుక్కతో చావడు. ఆ లివరు అప్పటికే పోయింది. ఏళ్ల తరబడి తాగినవాళ్లకు ఒక్కసారిగా ఆపితే వణుకు వస్తుంది, ఆ వణుకులో నరకం కనబడుతుందట. నువ్వు ఆ నరకం నుంచి ఒక్క రాత్రి తప్పించావు. అంతే. నాయిన నీ తలమీద చెయ్యి పెట్టింది అందుకే. ఇది ఓదార్పు కోసం చెప్పడం లేదు. నేను చదివింది రసాయనశాస్త్రం, నాకు అబద్ధం ఒకసారి చాలు.

ఒక్కటి మాత్రం నువ్వు చెప్పాలి. రెండుసార్లు ఫోన్ చేశాను. ఎందుకు రాలేదు? వచ్చి ఉంటే అంతా అక్కడే ఆగిపోయేది.

వెనక ఎకరంనర మనిద్దరి పేరా రాయిద్దాం. కొత్త బోరు వేద్దాం. అనాబేషాహీనే ఉంచుదాం. తినే పండు, తినే పండుగానే ఉండనీ.

సూర్య


పీర్జాదిగూడ
27 ఫిబ్రవరి 1995

సూర్యా,

నీ ఉత్తరం పట్టుకుని తోటలో కూర్చుని చదివినాను. నాయిన గురించి రాసిన భాగం మీ వదినకు చదివి వినిపించినాను. పద్దెనిమిదేండ్ల తరువాత ఆమెకు చెప్పినాను. "గింత బరువు ఒక్కనివే మోసినవా" అన్నది. చాలాసేపు నా పక్కనే కూర్చున్నది. డాక్టర్లు చెప్పినది నిజమే కావచ్చు. నా మనసుకు అది ఎక్కడానికి ఇంకా కొంత కాలం పడుతుంది. తొందరపెట్టకు.

ఫోన్ సంగతి అడిగినావు. చిదంబరం గారి మనిషి వచ్చి చెప్పినప్పుడు నేను కత్తెర పట్టుకుని ఉన్నాను. నీ గొంతు వింటే నేను అమ్మలేను, అది నాకు తెలుసు. అమ్మాలని పంతం పట్టుకున్నాను. అందుకే రాలేదు. అంతకన్నా వేరే కారణం లేదు, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నది.

మనిద్దరి పేరా రాయించమన్నావు. వద్దు. ఆ ఎకరంనర నీదే. నేను అమ్ముకున్నదానికి నేనే జవాబుదారీ, నీ దాంట్లో మళ్లీ చెయ్యి పెట్టను. ఈ ఒక్క మాట మీద నన్ను ఒత్తిడి చేయకు.

బోరు సంగతి మాత్రం ఒప్పుకుంటున్నాను. నీళ్లు చూసే మనిషిని మొన్న పిలిపించినాను. ఈశాన్యం మూలకు ఒకచోట ఆగినాడు. పడతాయని గట్టిగా చెప్పలేదు. చుట్టుపక్కల నాలుగు బోర్లు ఎండిపోయినవి. బోరు బండి శుక్రవారం వస్తున్నది. పడకపోతే ఈ పంట కోసి, తీగలను మనిద్దరమే కొట్టేద్దాం. కూలివాళ్లతో కొట్టించవద్దు. పడితే ఏప్రిల్ కత్తిరింపుకు ఎవరినీ మాట్లాడకు. నేను వస్తాను.

శుక్రవారం సెలవు పెట్టు. పొద్దున ఆరింటికల్లా బండి మొదలుపెడతాడట. మీ వదిన రొట్టెలు చేసి తెస్తానన్నది.

ఇంక ఉత్తరాలు రాయకు. ఇంటికి రా.

అన్న